ఇంటి ఆరోగ్యము: తలతిరుగుడును చెవుడును

ఇంటిలో నాడువారి కెవరికైన నకస్మాత్తుగా తల తిరిగి వాంతి యైనచో మన పెద్దలు చెప్పు కారణములు మూడు. క్రొత్తకోడలైనచో "నెల తప్పినదేమో" యందురు. నడివయసు స్త్రీయైనచో "పైత్యము చేసినది, కొంచెము అల్లమును జీలకఱ్ఱయు నూరి యిండు" అందురు. ముసలమ్మయైనచో "వయసు మీఱినది గదా, నీరసము" అని యూరకుందురు. ఈ మూడును కొన్ని వేళల నిజమే కావచ్చును. కాని వీనికి వెలియైన నాల్గవ కారణ మొకటి కలదు. దానిని తలచువా రరుదు. అది చెవి.

తల తిరుగుటకును చెవికిని సంబంధమేమని సోదరీమణు లాశ్చర్యపడవచ్చును. 160 ఏండ్లకు పూర్వము పారిసు నగరమందలి గొప్ప వైద్యులును ఇట్లే యాశ్చర్యపడిరి. ఈ మాసమున నీ విషయమును గూర్చి కొంత విపులముగా ముచ్చటింతము. ఏలయన, దీనిని తెలిసికొనకుండుటచే మన యాడువాండ్రు రెండు విధముల నష్టపడుచున్నారు. కొలది నిమిషములలో కుదుర్పదగిన జబ్బునకు సంవత్సరముల తరబడి మాత్రలు మ్రింగుట యొకటి. దినములు లెక్కపెట్టుకొని వైద్యము చేయింపవలసిన జబ్బును "గుబిలి పట్టినది" యని నూనె పోసికొనుచు గడపివేయుట రెండవది. మొదటిదానివలన ధనమును సుఖమును పోవును. రెండవదానివలన చెవియే పోవును.

రెండు బాధలు, ఒక్క మాట

"తల తిరుగుచున్నది" యన్న యొక్క మాటతో మనము రెండు వేర్వేఱు బాధలను చెప్పుకొనుచుందుము. కూర్చున్నవారు దిగ్గున లేచినపుడు కన్నులు బైర్లు క్రమ్మి, ఒడలు తేలిపోయి, పడిపోవుదుమేమో యనిపించుట యొకటి. నెత్తురు తక్కువైన వారికిని, ఉపవాసము లుండువారికిని, రక్తపుపోటునకు మందులు వాడువారికిని ఇది కలుగును. ఇది సాధారణముగా చెవివలన వచ్చునది కాదు.

రెండవది వేఱు. గోడలును, దూలములును, పరుండిన మంచమును గిఱ్ఱున తిరుగుచున్నట్లుండును. మీరు చిన్ననాడు ఒప్పులకుప్ప యాడి చటుక్కున నాగినపుడు ఇల్లెల్ల నెట్లు తిరిగినదో జ్ఞప్తికి దెచ్చుకొనుడు. అదియే యీ బాధ. ఆట లేకుండ వచ్చుటయే భేదము. వైద్యునికడ కేగినపుడు ఈ రెంటిలో నేది మీకు కలిగినదో విడమఱచి చెప్పినచో సగము రోగనిర్ణయము మీరే చేసినవా రగుదురు.

చెవిలోపలి చెవి

మనము చెవి యని పిలుచునది వెలుపలి డొప్ప మాత్రమే. దానినుండి లోనికి పోవు త్రోవ చివర పలుచని పొర కలదు, అది కర్ణభేరి. దాని వెనుక మూడు చిన్న యెముకల గొలుసున్నది. ఇంతవఱకును శబ్దము నడచివచ్చు దారి. అసలు చెవి యింకను లోపల, మన శరీరమందలి మిక్కిలి గట్టియైన యెముకలో తొలిచినట్టి సన్నని సొరంగములలో నున్నది. దీనిని లోచెవి యందురు. ఇందు రెండు భాగములు కలవు.

మొదటిది నత్తగుల్లవలె రెండున్నర చుట్లు చుట్టుకొని యుండును. ఇంగ్లీషువారు దీనిని కాక్లియా యందురు. చుట్లు విప్పి చాచినచో నిడివి సుమారు 35 మిల్లీమీటర్లు. ఇందు 15,000కు మించిన సూక్ష్మమైన రోమకణములు వరుసలు తీర్చి యున్నవి. శబ్దము వచ్చినపుడు లోపలి ద్రవము కదలును. ఆ కదలికకు రోమములు వంగి నాడికి వార్త నందించును. వీణమీద మెట్లవలె ఇందును స్వరములకు స్థానము లేర్పడియున్నవి. తారస్వరములు ద్వారము చెంతను, మంద్రస్వరములు చుట్ల కొసను గ్రహింపబడును. బుడాపెస్టులో జన్మించిన జార్జి ఫాన్ బెకెషీ యను శాస్త్రజ్ఞు డీ సంగతిని విశదపఱచి 1961లో నోబెలు బహుమానము నందెను. ఈ రోమకణములు మనుష్యులలో నొకసారి చచ్చినచో మరల మొలవవు. ఈ యొక్క మాటను గుర్తుంచుకొనుడు.

రెండవ భాగము మూడు అర్ధవృత్తాకారపు గొట్టములును, వాని మొదట రెండు చిన్న తిత్తులును. పెట్టె మూలయందు మూడు పలకలు కలిసికొన్నట్లు ఆ గొట్టములు మూడు దిక్కులకు నిలిచియుండును. తల నెటు త్రిప్పినను వానిలో నేదో యొకదానియందలి ద్రవము వెనుకబడి, "తల యిటు తిరిగినది" యని మెదడునకు తెలుపును. తిత్తులలో జిగురుపొరమీద సున్నపు పలుకులు పఱచియున్నవి. క్రిందేది, మీదేది యను జ్ఞానము వాని బరువువలన కలుగును. నీళ్లబిందె నెత్తి నిడికొని చేతులు విడిచి నడచు స్త్రీకి తోడ్పడునది యిదియే.

ఒప్పులకుప్ప రహస్యమును ఇక్కడనే యున్నది. మీ రాగినను గొట్టములలోని ద్రవము వెంటనే యాగదు. అది కదలుచున్నంతసేపును మెదడు మీ రింకను తిరుగుచున్నారనియే తలచును. అటులనే, రెండు చెవులలో నొకటి చెడి తప్పుడు వార్త పంపినచో, కదలక పరుండినవారికి సైతము లోకము తిరిగినట్లే తోచును. కన్నులు తమంత తామే యొక ప్రక్కకు జరిగి మరల వెనుకకు దుముకుచుండును. కడుపు త్రిప్పి వాంతి యగును. పైత్య మని మనము భ్రమపడుట కీ వాంతియే కారణము.

ఈ రెండు భాగములును ఒకే ద్రవముతో నిండియున్నవి. వాని నాడులును ఒకే సన్నని త్రోవను మెదడునకు పోవును. కావుననే వినికిడికిని నిలుకడకును ఒక్కసారి కీడు మూడుట కలదు.

పారిసు వైద్యుని మాట

"గలివరు యాత్రలు" రచించిన జొనాథను స్విఫ్టు (1667-1745) యౌవనమునుండియు తల తిరుగుటచేతను, చెవుడుచేతను బాధపడెను. ఒకనాడు ఆపిలుపండ్లు మితిమీఱ దినుటచే నీ జబ్బు పట్టినదని యాయన జీవితాంతము నమ్మెను. అంతటి మేధావికిని కారణము తెలియలేదు. అతని కాలమున వైద్యులకును తెలియలేదు. తరువాతి వైద్యు లాతని లేఖలు చదివి యది లోచెవి వ్యాధి యని నిర్ణయించిరి.

అప్పటి వైద్యుల నమ్మక మేమనగా, తల తిరిగి పడిపోవుట మెదడున నెత్తురు పొంగుటచే కలుగు ననుట. అందుచే రోగికి జలగలు పట్టించి, నెత్తురు తీసి, విరేచనములు చేయించెడివారు. అసలే వాంతులతో నీరసించిన వారి గతి యేమయ్యెడిదో యూహించుకొనుడు.

పారిసులోని చెవిటిమూగల విద్యాలయమునకు ప్రాస్పర్ మెనియేర్ అను నతడు వైద్యుడుగా నుండెను. నిత్యము చెవిటివారి మధ్య మెలగుటచే నితర వైద్యులు చూడని దానిని అతడు చూచెను. తల తిరుగు రోగులలో ననేకులకు చెవిలో హోరును, చెవుడును తోడుగా వచ్చుచున్నవి. బాధ తగ్గిన పిదప వారికి పక్షవాతము మొదలగు మెదడు జబ్బు లేవియు కానరాకున్నవి. మెదడే చెడినచో చెవి యేల మొఱపెట్టవలెను? 1861 జనవరిలో నతడు పారిసు వైద్యపరిషత్తు నెదుట నీ ప్రశ్న వేసి, యిది చెవి జబ్బని వాదించెను. తనకు సాక్ష్యముగా నొక పడుచుపిల్ల కథ చెప్పెను. ఆమె బహిష్టుదినములలో చలిరాత్రి బండి పైకప్పుమీద ప్రయాణము చేసి, హఠాత్తుగా చెవిటిదై, తల తిరిగి, వాంతులతో నైదవ దినమున మరణించెను. శవమును పరీక్షింపగా మెదడు చక్కగా నున్నది. లోచెవి గొట్టములలో మాత్రము నెత్తుటి రంగు పదార్థము నిండియున్నది. ఆ పిల్ల జబ్బు నేడు మనము మెనియేర్ వ్యాధి యనునది కాదని తరువాతివారు తేల్చిరి. అయినను చెవి చెడినచో లోకము తిరుగునన్న యతని మూలసూత్రము నిలిచినది. పెద్దలైన వైద్యులు పలువురు వెంటనే యంగీకరింపలేదు. మెనియేరు 1862లో గతించెను; తన పేరు రోగమునకు వచ్చుట యతడు చూడలేదు.

తరువాత వియన్నాలో రాబర్టు బరాని యను చెవివైద్యుడు రోగుల చెవులు నీళ్లతో కడుగుచు నొక వింతను కనిపెట్టెను. చన్నీళ్లు పోసినచో రోగికి తల తిరిగి కన్నులొక దిక్కునకు దుముకును. వేడినీళ్లు పోసినచో వేఱొక దిక్కునకు. దీనినిబట్టి యే చెవి చెడినదో తెలిసికొను పరీక్ష యేర్పడినది. నేటికిని దానిని వాడుచున్నారు. 1914వ సంవత్సరపు నోబెలు బహుమానము తనకు లభించిన వార్త వినునాటి కాతడు రష్యాలో యుద్ధఖైదీగా నుండెను. 1916లో విడుదల యయ్యెను. ఇక 1938లో లండనునందు హాల్‌పైకు, కెయిర్న్సు అను వారును, జపానులో యమకావా యను నతడును, మెనియేర్ రోగులైయుండి మరణించినవారి లోచెవులను సూక్ష్మదర్శినిలో చూచి, లోపలి ద్రవము మితిమీఱి పొర లుబ్బియుండుట కనుగొనిరి.

గడియారమును చూచి గుర్తుపట్టుట

ఎంతసేపు తల తిరిగినదో, దానితోబాటు వినికిడి తగ్గినదో లేదో గమనించినచో జబ్బు చాలవఱకు తెలియును. ముఖ్యమైనవి నాలుగు.

ఒకటి. మంచముమీద ప్రక్కకు ఒత్తిగిల్లినపుడును, అటకమీది డబ్బా కొఱకు తలయెత్తినపుడును, తల వంచి జుట్టు విప్పుకొనునపుడును మాత్రమే తిరిగి, ఒక నిమిషము లోపుగనే యాగును. వినికిడి చెడదు. తిత్తిలోని సున్నపు పలుకులు కొన్ని యూడి గొట్టములో పడుటయే దీనికి కారణము. ఏబదియేండ్లు దాటినవారిలోను, పురుషులకంటె స్త్రీలలోను ఇది హెచ్చు. దీనికి మాత్ర లక్కఱలేదు. వైద్యుడు రోగిని బల్లమీద కూర్చుండబెట్టి, తల నొక ప్రక్కకు త్రిప్పి, వెల్లకిల పరుండజేసి, క్రమముగా రెండవ ప్రక్కకు దొరలించి లేపును. వచ్చిన దారినే పలుకులు తిరిగి తిత్తిలో పడును. అమెరికాలో జాన్ ఎప్లీ యను వైద్యుడు 1992లో ప్రచురించిన పద్ధతి యిది. పెక్కురకు ఒకటి రెండు సారులతోనే కుదురును. ఇది మరల వచ్చుటయు కలదు. డి విటమిను లోపించినవారికి ఆ విటమినును, కాల్షియమును ఇచ్చినచో మరల వచ్చుట తగ్గినదని 2020లో కొరియా దేశపు పరిశోధకులు ప్రకటించిరి. నీడపట్టుననే యుండు గృహిణు లీ మాట గమనింపదగును.

రెండు. విడువకుండ దినముల తరబడి తల తిరుగును. పిదప మెల్లగా తగ్గును. నిలుకడకు సంబంధించిన నాడి వాచుటచే నిది వచ్చును. వినికిడి చెడదు. లోచెవి యంతయు వాచినచో చెవుడును తోడగును. వాంతి మాత్రలు మొదటి రెండు మూడు దినములు మాత్రమే వాడవలెను. తరువాత లేచి నడువవలెను. చెడిన చెవి లేకయే నిలుచుట మెదడు నేర్చుకొనును. కాని కదలనివారికి నేర్పు రాదు. 1940ల దశాబ్దములో ఇంగ్లాండున కాథార్న్, కుక్సీ యను వారు దీనికై కన్నులు, మెడ, నడుము త్రిప్పు వ్యాయామము లేర్పఱచిరి. నేటికిని వైద్యులు వానినే మెఱుగుపఱచి నేర్పుచున్నారు.

మూడు. మెనియేర్ వ్యాధి. 20 నిమిషములు మొదలు 12 గంటలవఱకు తల తిరుగును. అంతకు ముందో, అప్పుడో యొక చెవి దిబ్బడ వేసినట్లు బరువెక్కి, సముద్రపు హోరువంటి మ్రోత పుట్టి, వినికిడి తగ్గును. మొదట మంద్రస్వరములు వినబడవు. దాడి గడచిన పిదప వినికిడి మరలును. కాని యేండ్లు గడచినకొలది మరలుట తగ్గి చెవుడు స్థిరపడును. నలుబది మొదలు అఱువది యేండ్ల నడుమ నిది హెచ్చు.

నాలుగు. పార్శ్వపునొప్పి గలవారికి వచ్చు తలతిరుగుడు. తలనొప్పితోనే కాక, తలనొప్పి లేకుండను రావచ్చును. వెలుతురును, చప్పుడును సహింపలేరు. ఇది స్త్రీలలో నెక్కువ. కొందఱికి బహిష్టు సమయములలో హెచ్చును. మెనియేర్ వ్యాధి యని పొరపడుట కలదు గనుక, మీకు గాని మీ తల్లికి గాని పార్శ్వపునొప్పి యున్నచో వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఇవి గాక మఱియొకటి యున్నది; అది చెవిది కాదు. తల తిరుగుటతో మాట తడబడుట, మూతి వంకర పోవుట, ఒకటి రెండుగా కనబడుట, చేయి కాలు పట్టు తప్పుట, మునుపెఱుగని తీవ్రమైన తలనొప్పి, పట్టుకొన్నను నిలువలేకపోవుట, వీనిలో నేది యున్నను మెదడుకు సంబంధించినదని తలచి వెంటనే 108కు ఫోను చేయించి యాసుపత్రికి చేర్పవలెను. మధుమేహము, రక్తపుపోటు గలవారి విషయమున మఱింత జాగ్రత్త యవసరము.

ఒక చెవి తెల్లవారునప్పటికి పోయినచో

ఈ వ్యాసమున మే మన్నిటికంటె ముఖ్యముగా చెప్పదలచిన దీ ప్రకరణమే.

రాత్రి బాగుగనే పండుకొని, ఉదయమున లేచునప్పటికి ఒక చెవి మూసికొనిపోయినట్లుండును. ఫోను ఆ చెవి కానించినచో మాట వినబడదు. కొందఱికి హోరును, తలతిరుగుడును తోడగును. మన యిండ్లలో నపుడు జరుగు తంతు మీ రెఱిగినదే. "జలుబు చేసినది" యని యొకరు, "నీరు పోయినది" యని యొకరు, వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోయుమని యింకొకరు. ఇట్లు పది పదునైదు దినములు గడచిపోవును.

ఇది గుబిలియే కావచ్చును. కాని మూడు దినముల లోపల నొక చెవి వినికిడి తటాలున పడిపోయినచో అది లోచెవి జబ్బై యుండవచ్చును. అట్టిది వైద్యశాస్త్రములో నత్యవసరముగా నెంచబడును. కారణము తరచుగా తెలియదు. కొందఱికి తనంత తానే మరలును. స్టెరాయిడు మందులను మొదటి దినములలోనే యిచ్చినచో మరలు నవకాశము హెచ్చునని వైద్యులు తలతురు. రెండు వారములు దాటినచో ఫలము తగ్గును. రోమకణములు చచ్చిన పిదప మొలవవని పైన చెప్పితిమి గదా! ఆ మందులు చక్కెరను పెంచును గనుక మధుమేహము గలవారు ఆ సంగతి ముందుగ చెప్పవలెను.

గుబిలియో లోచెవియో యింటనే కొంత గ్రహించు నుపాయ మున్నది. నోరు మూసికొని "మ్" అని గొంతులో ధ్వని చేయుడు. మూసికొనిపోయిన చెవిలోనే యా ధ్వని బిగ్గఱగా వినబడినచో గుబిలి గాని నీరు గాని యడ్డము వచ్చి యుండవచ్చును. బాగుగ నున్న చెవిలోనే బిగ్గఱగా వినబడినచో లోచెవి చెడినదని యనుమానింపవలెను. ఆ దినముననే చెవి వైద్యునికడ కేగి వినికిడి పరీక్ష చేయించుకొనవలెను. ఈ పరీక్ష మిమ్ము త్వరపెట్టుటకే గాని, యింట నాపుటకు గాదు. గుబిలియే యనిపించినను చూపించుకొనుట మేలు. పిన్నులు, పుల్లలు, కాగిన నూనెలు మాత్రము చెవిలో పెట్టరాదు.

ఉప్పును, మాత్రలును

మెనియేర్ వ్యాధిని సమూలముగ తొలగించు మం దింతవఱకు లేదు. దాడులను తగ్గించు నుపాయములు కలవు. వైద్యు లందఱును మొదట చెప్పునది ఉప్పు తగ్గింపుమని. ఉప్పు తగ్గించినచో దాడులు తగ్గునని గట్టిగా ఋజువు చేసిన పరిశోధనలు లేవన్నది నిజమే. అయినను అందు హాని లేదు, రక్తపుపోటునకును మేలు. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు లోబడి, అనగా నొక చిన్న చెంచా కంటె తక్కువగా, ఉప్పు దినవలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. మన తెలుగువారి విస్తరిలో ఉప్పు కూరలోనే లేదు. ఆవకాయలో, మాగాయలో, ఊరమిరపకాయలలో, అప్పడములలో, వడియములలో, మజ్జిగలో నున్నది. జాడీ యటకమీదికి పోవలె నని మే మనము. ఇంటిల్లిపాదికి వండిన పప్పులో ఉప్పు తగ్గించి, ఊరగాయ బద్ద నొక పూటకు పరిమితము చేసికొన్నచో చాలును. రోగి కొక్కతెకే చప్పిడి వండి వేఱుగా వడ్డించుటకంటె అందఱును కొంచెము తగ్గించుకొనుట గృహధర్మము.

బీటాహిస్టీను అను మాత్రలను మన దేశమున విరివిగా వ్రాయుచున్నారు. జర్మనీదేశమున జరిగి 2016లో ప్రచురితమైన యొక పెద్ద పరీక్షలో ఈ మాత్రలు వాడినవారికిని, ఉత్తుత్తి మాత్రలు వాడినవారికిని దాడులు సమానముగనే తగ్గినవి. కావున వానిని వాడుచున్నవారు వైద్యుని యడుగక మానరాదు గాని, ఏండ్ల తరబడి వాడవలెనా యని యడుగుట తప్పు గాదు. ప్రోక్లోర్‌పెరజైను, సిన్నరిజైను అను మాత్రల విషయమున నింకను జాగ్రత్త కావలెను. అవి దాడి నాటి వాంతి నాపును. కాని మాసముల తరబడి మ్రింగినచో మెదడు నిలుకడను నేర్చుకొనుట మందగించును. ముఖ్యముగా వృద్ధులకు చేతులు వణకుట, నడక బిగిసికొనుట సంభవించును. పాత చీటీ చూపి మందులకొట్టులో కొనితెచ్చుకొను నలవాటు మానవలెను. దాడులు తగ్గనివారికి కర్ణభేరి వెనుకకు సూదిమందు వేయు పద్ధతులును, అరుదుగా శస్త్రచికిత్సలును కలవు.

చెవులకు కీడు చేయు మందులను గూర్చియు నొక మాట. స్ట్రెప్టోమైసిను, జెంటమైసిను, అమికాసిను మొదలగు సూదిమందులు ప్రాణములు కాపాడునవే; కాని లోచెవిని చెఱుపగలవు. 1952లో నొక అమెరికా వైద్యుడు స్ట్రెప్టోమైసినుచే తన నిలుకడ పోగొట్టుకొన్న తీరును స్వయముగా వ్రాసి ప్రచురించెను. గుండె కొట్టుకొను నదురునకే పుస్తకములోని యక్షరములు చెదరుటచే, తలను మంచపు కమ్ముల నడుమ నానించి చదువవలసివచ్చెనట! కొన్ని వంశములలో నీ మందులు ఒక్క మోతాదునకే చెవుడు కలిగించు లక్షణ మున్నది. అది తల్లినుండియే బిడ్డలకు సంక్రమించును. కావున మీ తల్లివైపు వారిలో నెవరికైన సూదిమందు పిదప చెవుడు వచ్చియున్నచో, ఆ సంగతిని మీ బిడ్డల వైద్యునికి తెలుపుట తల్లిగా మీ విధి.

ఇంటివారి కర్తవ్యము

దాడి వచ్చినపుడు రోగిని ఉన్నచోటనే నేలమీద పరుండబెట్టి, తల కదలకుండ జేసి, కదలని వస్తు వొకదానిపై చూపు నిలుపుమనవలెను. గదిలో వెలుతురు తగ్గింపవలెను. చుట్టును గుమిగూడి మాటలాడింపరాదు. పొయ్యి యార్పవలెను. తఱచుగా దాడులు వచ్చువారు నిచ్చెన యెక్కుట, పిట్టగోడ లేని డాబాపై బట్ట లారవేయుట, స్కూటరు నడపుట మానవలెను. నదిలోను చెఱువులోను మునిగి స్నానము చేయరాదు. నీటిలో మునిగినవారికి మీదేదో క్రిందేదో తెలుపునది యీ లోచెవియే గదా!

వినికిడి తగ్గినవారి బాధ వేఱు. "చెవిటివాని ముందు శంఖ మూదినట్లు" అను సామెత యున్నది. లోచెవి చెడినవారి పట్ల ఆ సామెత పొసగదు. వారికి మెల్లని మాట వినబడదు. బిగ్గఱగా నఱచినచో చెవి పగులునట్లుండును. ధ్వని హెచ్చినను పదములు స్పష్టపడవు. కావున నఱవక, ఎదుటికి వచ్చి, ముఖము కనబడునట్లు నిలిచి, నిదానముగా పలుకవలెను. వంటయింటి చప్పుళ్ల నడుమ పిలిచి, పలుకలేదని కోడలిని పొగరుబోతనుట, అత్తను పరధ్యానమనుట న్యాయము గాదు. వినికిడి యంత్రము పెట్టుకొనుటకు పలువురు సిగ్గుపడుదురు. కన్నులకు అద్దములు పెట్టుకొనుటకు లేని సిగ్గు చెవికేల? యంత్రముచే ప్రయోజనము లేనంతటి చెవుడునకు లోచెవిలో నమర్చు కాక్లియర్ ఇంప్లాంటు అను సాధనమును నేడు కలదు.

మఱియొక సంగతి. తలతిరుగు జబ్బు గల స్త్రీ దాడి లేని దినమున నందఱివలెనే యుండును. ముఖమున రోగచిహ్న మేదియు కానరాదు. అందుచే నిన్న మంచము దిగలేని యామె నేడు పనిచేయుట చూచి "నటన" యనువా రుందురు. "గాలి సోకిన" దని తాయెత్తులు కట్టువారును ఉందురు. మరల నెప్పు డెక్కడ తల తిరుగునో యను భయమే యామెను దాడికంటె హెచ్చుగా బాధించును. పేరంటమునకు పోదు, గుడికి పోదు, ఒంటరిగా వీధి దాటదు. ఆమెకు కావలసినది జాలి గాదు, నమ్మిక. ఒక చిన్న పుస్తకములో దాడి వచ్చిన తేది, గంట, ఎంతసేపున్నది, చెవి యెట్లున్నది, ఆ దినమున నిద్ర యెంత, భోజన మేమి యని వ్రాసిపెట్టుటకు భర్తయో, కొడుకో, కూతురో తోడ్పడినచో, ఆ పుస్తకము వైద్యునికి పది పరీక్షలంత యుపకరించును.

నేటి సాయంకాలము మీ యింటిలోని పెద్దవారిని ఒక్కొక్క చెవి మూసికొని ఫోనులో మాట వినుమనుడు. రెండు చెవులును సమానముగ వినబడుచున్నచో సంతోషము. భేదమున్నచో, ఎప్పటినుండి యని యడిగి, మఱుసటి దినముననే వైద్యునికడకు తోడ్కొనిపొండు. ఇంటిలో నందఱి మాటయు విని యాదరించు తల్లి చెవిని కాపాడుట యింటివారందఱి పని.